పటం కదలదు, వరుస కదులుతుంది

పాట ఎత్తుకునేవాడిని వంతగాడు ముందుగా అడిగేది మాటల గురించి కాదు. "ఏ వరుస?" అంటాడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో పాట నడకకున్న పేరు అదే. ట్యూన్ అనే మాట సినిమాల వెంట వచ్చింది. బాణీ అనేది పుస్తకాల్లో ఎక్కువ కనిపిస్తుంది. వరుస మాత్రం కథలు చెప్పేవాళ్ల నోటి మాట. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది కదా, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయే క్రమం. పొడుగాటి గుడ్డ మీద అంతస్తులు అంతస్తులుగా గీసిన బొమ్మలదీ వరుసే. ఈ రెండు వరుసలూ జంటగా నడిచిన కళ పటం కథ. యానిమేషన్ సీరియళ్లలో సంగీతం మనసును అంతగా ఎందుకు పట్టేస్తుందో తెలుసుకోవాలంటే టోక్యోకో హాలీవుడ్‌కో పోయేముందు ఈ గుడ్డ దగ్గర కాసేపు ఆగాలని నా వాదన. బొమ్మల కథలో దుఃఖం చెవి దారిన వస్తుంది. అదీ మొదటిసారి వినగానే రాదు. ఎన్నోసార్లు విన్న వరుస సరైన చోట మళ్లీ వినిపించినప్పుడు వస్తుంది.

కామారెడ్డి 2016 అక్టోబర్ 11న పాత నిజామాబాద్ నుంచి విడిపడి, ఎల్లారెడ్డి ప్రాంతాన్ని కలుపుకొని జిల్లా అయింది. ఈ నేల చరిత్ర రాసేవాళ్లు దోమకొండ కోట గురించి, కౌలాస్ కోట గురించి, 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన నిజాంసాగర్ గురించి రాస్తారు. రాయాల్సినవే. అయితే ఇదే నేలకు ఇంకో పటం ఉండేది, అది ఏ రెవెన్యూ కచేరీలోనూ దొరకదు. ఏ ఊళ్లో ఏ కులానికి కథ చెప్పే హక్కు ఏ కుటుంబానిది అన్న లెక్క అది. తెలంగాణ అంతటా నడిచిన ఈ ఏర్పాటులో పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేది కూనపులివాళ్లు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవాళ్లు. గౌడులకు గౌడజెట్టీలు, రజకులకు మడేలు పురాణం చెప్పే గంజికూటివాళ్లు ఉండేవాళ్లు. మాదిగలకు జాంబపురాణం పటం విప్పి చెప్పేవాళ్లు డక్కలివాళ్లయితే, వేషం కట్టి ఆడి చూపేవాళ్లు చిందువాళ్లు. గొల్లలకు మందహెచ్చులవాళ్లు పటం బదులు కొయ్యబొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ చెప్పేవాళ్లు. ఆశ్రిత కులాలని పుస్తకాలు వీళ్లకు పెట్టిన పేరు. వాళ్ల హక్కును మిరాశీ అనేవాళ్లు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లనూ పంచుకునేవాళ్లు. ఒక మేళం ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి తన ఊరికి వచ్చేది. వచ్చిందంటే చెప్పేది అదే కథ. తాత వినిపించినదాన్ని మనవడు, తాత విన్నదాన్ని మనవడు. చెప్పే ఇంట్లోనూ వినే ఇంట్లోనూ వరుస వారసత్వంగా దిగింది. నా వాదనకంతా ఆధారం ఈ ఏర్పాటే కాబట్టి దీన్ని గుర్తుంచుకోమని కోరుతున్నాను.

పటం గీసేది నకాషీలు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల పేరు మీద వాళ్ల పని లోకానికి తెలిసింది. నూలు గుడ్డకు గంజి, చింతగింజల జావ, సుద్ద, జిగురు కలిపి పూతల మీద పూతలు పెడతారు. గుడ్డ బిగుసుకుంటుంది కానీ చుడితే విరగదు. బొమ్మల వెనుక అంతా ఎరుపు. ఇంగిలీకం ఎరుపు, దీపపు మసి నలుపు, శంఖం నూరిన తెలుపు వాళ్ల పాత రంగులు. వెడల్పు సుమారు 3 అడుగులు, పొడుగు 30 నుంచి 60 అడుగుల దాకా ఉంటుంది. పూల అంచుల మధ్య ఒక్కో ఘట్టం గదిలా ఒదిగి ఉంటుంది. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం ఇలాంటి పటాలను భద్రపరచింది కాబట్టి కొన్ని పాతవి చూడగలుగుతున్నాం. మామూలుగా అయితే నలిగిపోయిన పటాన్ని మనిషికి చేసినట్టే మర్యాద చేసి నదిలో కలిపేసేవాళ్లు. మిగిలిన పటాల ముందు నిలబడి ముఖాలు చూడండి. పెద్ద కళ్లు, గట్టి గీత, నిండు రంగు. కొడుకు పోతున్నాడని తెలిసిన తల్లి ముఖం, పెళ్లి పీటల దగ్గర కూర్చున్న తల్లి ముఖం దాదాపు ఒకేలా ఉంటాయి. చిత్రకారుడికి చేతకాక కాదు. కుండీలో ఎదిగిన మొక్క ఆకుల మీద ఈనెలు గీయగలిగినవాడికి కన్నీటి చుక్క గీయడం ఎంతసేపు? దుఃఖం తన పని కాదని అతనికి తెలుసు. తాను గీసింది ఎవరో పాడతారని తెలిసే అతను గీశాడు.

పాడే పద్ధతి ఇలా ఉండేది. పటం చుట్టను రెండు గుంజల మధ్య అడ్డకర్రకు కడతారు. కథకుడు చేతిలో బెత్తం పట్టుకొని పక్కన నిలబడతాడు. వంతలు వెనుక, తాళాలు, మద్దెల, తర్వాతి కాలంలో హార్మోనియం. మార్కండేయుడి కథ తీసుకుందాం. మృకండుడికీ మరుద్వతికీ లేకలేక పుట్టిన కొడుక్కి పదహారేళ్లే ఆయుష్షు. ఆ పదహారేళ్లు నిండే ఘట్టం పటంలో ఒక గది. బాలుడు లింగాన్ని కావిలించుకొని ఉంటాడు, యముడి పాశం గాలిలో ఉంటుంది. కథకుడి బెత్తం ఆ గది మీదికి వచ్చి ఆగుతుంది. ఇక అది కదలదు. తల్లి దుఃఖం మొదలవుతుంది. వచనం ఆగిపోతుంది, తాళం నెమ్మదిస్తుంది, వంతలు ప్రతి చరణం చివరి మాటను పట్టుకొని సాగదీస్తారు. బొమ్మలో పాశం ఇంకా పడలేదు, ఎప్పటికీ పడదు. పాట మాత్రం దాన్ని అంగుళం అంగుళం దగ్గరికి తెస్తుంది. జనం కరిగారా లేదా అన్నది కథకుడికి కనిపిస్తూనే ఉంటుంది. కరగకపోతే ఇంకో రెండు చరణాలు. చాలనుకున్నప్పుడు మద్దెల మీద దెబ్బ పడుతుంది, బెత్తం కింది గదికి జారుతుంది, శివుడు ప్రత్యక్షం. కాలాన్ని నడిపింది ఇక్కడ గుడ్డ కాదు. ఒకే బొమ్మ ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు మారాలి అనే నిర్ణయం పూర్తిగా పాటది. సినిమావాళ్ల భాషలో చెప్పాలంటే ఎడిటింగ్ టేబుల్ గాయకుడి గొంతులో ఉంది.

ఆ దుఃఖపు వరుస ఎక్కడిది? ఇదే అసలు ప్రశ్న. రాగాలకు వాటంతట అవే ఏడిపించే గుణం ఉందని శాస్త్రకారులు చెబుతారు. కొంత నిజం ఉండొచ్చు. తెలంగాణ ఊళ్లలో మాత్రం ఇంతకంటే దగ్గరి జవాబు ఉంది. మనిషి పోయిన ఇంట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడమంటారు. పోయినవాడు చేసిన మేలు, పడిన కష్టం, వెనుక మిగిలిన పిల్లల గతి, రాకుండా పోయిన చుట్టం మీద నిష్ఠూరం, అన్నీ ఆ ఏడుపులోనే మాటలై వస్తాయి. పైస్థాయిలో ఎత్తుకొని మెట్టు మెట్టుగా దిగి, చివర పిలుపు దగ్గర ఊపిరి తెగుతుంది. ఎవరూ నేర్పరు, అయినా అందరికీ వచ్చు. కథకుడు మరుద్వతి నోట పెట్టేది ఈ ఇంటి ఏడుపునే. కాస్త సాపు చేస్తాడు, తాళంలో కూర్చుతాడు, అంతే. అందుకే వినేవాళ్లకు మార్కండేయుడి తల్లి కనిపించదు, తమ గడప ముందు కూర్చున్న మేనత్త కనిపిస్తుంది. పాట కొత్త బాధను పుట్టించడం లేదు. ఎప్పుడో దాచిపెట్టినదాన్ని తాళం తీసి బయటపెడుతోంది. సంగీతానికి భావోద్వేగ శక్తి ఉంది అన్నప్పుడు మనం సాధారణంగా ఆ శక్తి స్వరాల్లో ఉందనుకుంటాం. అది వినేవాడి దగ్గర జమ అయి ఉంటుందని, స్వరం దాన్ని పిలిచే పేరు మాత్రమేనని పటం కథ చూపిస్తుంది.

చిందు భాగోతంలో ఇదే సంగతి ఇంకోలా కనిపిస్తుంది. పాత నిజామాబాద్ జిల్లా చిందుకు పేరుపడ్డ చోటు. చిందుల ఎల్లమ్మ ఈ గడ్డ మనిషే, మగ వేషాల్లో ఆమెకు ఎదురు లేదనేవాళ్లు. యక్షగానంలో పాత్ర ఊరికే రంగం మీదికి నడిచి రాదు. తెర వెనుక నుంచి గజ్జెల చప్పుడు, తర్వాత ప్రవేశ దరువు. రాజుకో నడక, రాక్షసుడికో నడక, నాయికకో నడక. తెర ఇంకా తొలగకముందే ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు ఎవరొస్తున్నారో చెప్పేస్తాడు. జర్మనీలో వాగ్నర్ తన సంగీత నాటకాల్లో పాత్రకో చిన్న స్వరపంక్తి కట్టాడని, నేటి సీరియళ్లలో హీరో థీమ్, విలన్ థీమ్ అక్కడి నుంచి వచ్చాయని సంగీత చరిత్రలు రాస్తాయి. సినిమా సంగీతం మట్టుకు అది ఒప్పే. కానీ పద్ధతి ఒక్కచోటే పుట్టిందనుకోనక్కర్లేదు. నాటకంలో థీమ్ ఆ కొన్ని గంటలే వినిపిస్తుంది. చిందు ప్రేక్షకుడు రాక్షసుడి దరువును చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. ఆ దరువు అతనికి భయం గురించి సమాచారం ఇవ్వదు, భయాన్నే ఇస్తుంది. వారం వారం, ఏళ్ల తరబడి సాగే బొమ్మల సీరియల్ సంగీతానికి ఒక్క సినిమా సంగీతం కంటే ఎక్కువ పట్టు ఎందుకు దొరుకుతుందో ఇక్కడే తెలుస్తోంది.

పటం కదలదు, యానిమేషన్ అంటేనే కదలిక, రెండింటినీ ఒకే తక్కెడలో ఎలా పెడతారని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. కదిలే బొమ్మలు మన దగ్గర లేకపోలేదని ముందు చెప్పాలి. తోలుబొమ్మలాట గురించి పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ఉంది. ఈ ఆటను ఇప్పటికీ బతికిస్తున్న నిమ్మలకుంట రాయలసీమలో ఉంది, అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద బొమ్మ ఎగురుతుంది, తల తిరుగుతుంది, చెయ్యి విసురుతుంది. అయినా రామరావణ యుద్ధం వచ్చేసరికి ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కలు వేసుకొని ధనధనా తొక్కుతారు. బొమ్మ కదిలినా యుద్ధం పాదాల కిందే జరుగుతుంది. ఇక సినిమా యానిమేషన్ సంగతి. 1928 నవంబర్ 18న న్యూయార్క్‌లో విడుదలైన స్టీమ్‌బోట్ విల్లీలో డిస్నీ బృందం మిక్కీ వేసే ప్రతి అడుగుకూ ఒక స్వరం అతికించింది. ఆ పద్ధతికి మిక్కీ మౌసింగ్ అనే పేరే స్థిరపడింది. అక్కడ పాట బొమ్మ వెంట పరిగెత్తుతుంది. నవ్వు బాగా పండుతుంది. ఏడుపు మాత్రం పండదు. ఎందుకంటే దుఃఖానికి నిలకడ కావాలి, పరిగెత్తేవాడికి ఏడ్చే తీరిక ఉండదు.

రెండో దారి జపాన్‌లో తెరుచుకుంది. 1930లలో అక్కడ వీధుల్లో కామిషిబాయి నడిచేది. సైకిల్ వెనుక చిన్న చెక్క చట్రం, అందులో ఒకదాని తర్వాత ఒకటి లాగే అట్టబొమ్మలు. కథకుడు రెండు కట్టెలు టకటకా కొట్టి పిల్లల్ని పిలిచి, మిఠాయి అమ్మి, కథ చెప్పేవాడు. మన పటాన్ని ముక్కలుగా కోసి సైకిల్ ఎక్కించినట్టే ఉంటుంది. టీవీ వచ్చిన కొత్తలో జపానువాళ్లు దాన్ని కరెంటు కామిషిబాయి అనేవాళ్లు. 1963 జనవరి 1న ఒసాము తెజుకా ఆస్ట్రో బాయ్ సీరియల్ మొదలుపెట్టినప్పుడు వారానికో అరగంట బొమ్మలు గీయడానికి డబ్బూ చాలలేదు, చేతులూ చాలలేదు. ఒకసారి గీసిన బొమ్మనే మళ్లీ మళ్లీ వాడారు, కదలికలు కుదించారు, ముఖం నిలిపి నోరు మాత్రం ఆడించారు. బొమ్మ తగ్గినకొద్దీ బరువు ధ్వని మీద పడింది. మొదట పేదరికం వల్ల వచ్చిన ఈ పద్ధతి తర్వాత సొగసైంది. 1996 మార్చిలో ప్రసారమైన ఎవాంజెలియన్ సీరియల్ 24వ ఎపిసోడ్ ఇందుకు సాక్ష్యం. కథ అంతటికీ ఆయువుపట్టు లాంటి క్షణంలో దర్శకుడు హిదెయాకి అన్నో ఒకే బొమ్మను దాదాపు నిమిషం పాటు కదలకుండా నిలిపేశాడు. వెనుక బీథోవెన్ తొమ్మిదో సింఫనీ. పిల్లవాడు తన స్నేహితుడిని చంపాలా వద్దా అన్నది ఆ నిమిషంలో తేలాలి. ఏ గీతా కదలదు, సంగీతం నడుస్తూనే ఉంటుంది. ఇది పటం కథే. బెత్తం ఒక గది మీద ఆగిపోయింది, అంతే. కాబట్టి కదలిక ఉందా లేదా అన్నది ఇక్కడ గీటురాయి కాదు. ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారన్నదే.

బొమ్మ, పాట విడివిడిగా దొరికితే ఏది పట్టేస్తుందో తెలుసుకోవడానికి దూరదర్శన్ తెలియకుండానే ఒక ప్రయోగం చేసింది. నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో తీసిన జంగిల్ బుక్ సీరియల్ 1990ల మొదట్లో ఆదివారాలు హిందీలో వచ్చింది. జపాన్ వాళ్ల టైటిల్ పాట తీసేసి, గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ కట్టిన కొత్త పాట పెట్టారు. బొమ్మలు అవే, మోగ్లీ అదే. ముప్పై ఏళ్లు గడిచాక ఆ తరంవాళ్లను అడగండి. ఏ ఎపిసోడ్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండదు. పాట మొదటి చరణం మాత్రం అప్పగిస్తారు, అప్పగిస్తూ గొంతు కాస్త మెత్తబడుతుంది. ఇందులో కామారెడ్డి జిల్లాకు ప్రత్యేకంగా తెలిసిన ఒక కోణం ఉంది. మద్నూర్, జుక్కల్, బిచ్కుంద వైపు మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు తగులుతాయి. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. అర్థం పూర్తిగా తెలియని భాషలో పాటను అనుభవించడం అక్కడివాళ్లకు వింతేమీ కాదు, భజనల్లో రోజూ జరిగేదే. హిందీ సగం తెలిసిన పిల్లలకు మోగ్లీ పాట మనసుకు ఎక్కడానికి మాటలు అడ్డం రాలేదు. జపాన్ పిల్లలకు ఆ బొమ్మలే ఇంకో పాటతో ముడిపడి ఉంటాయి. ఒకే బొమ్మకు రెండు దేశాల్లో రెండు జ్ఞాపకాలు ఉన్నాయంటే జ్ఞాపకాన్ని పట్టుకున్నది బొమ్మ కాదనే కదా.

దీనికి ఇంకో ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. పటం కథకు జనం ఏడ్చింది సంగీతం వల్ల కాదు, నమ్మకం వల్ల అంటారు. మార్కండేయుడు పద్మశాలికి కథలో పాత్ర కాదు, మూలపురుషుడు. జాంబపురాణం విన్న మాదిగకు అది తన కులం అందరికంటే ముందు పుట్టిందని చాటే సాక్ష్యం. ఊళ్లో తనను దూరం పెట్టినవాళ్ల మధ్య ఆ రాత్రి తల ఎత్తుకునే సందర్భం. అంత బరువున్న కథను తాళాలు లేకుండా చెప్పినా కదిలిస్తుంది కదా? నమ్మకం పాత్ర నేను కాదనను. కానీ నమ్మకం ఏడాది పొడుగునా ఉంటుంది, కన్నీళ్లు మాత్రం ఆ రాత్రి, ఆ చరణం దగ్గరే వచ్చాయి. పైగా కళలు విడిపోయాక జరిగింది చూడండి. పటం నుంచి పాటను వేరుచేశారు. చేర్యాల బొమ్మ ఇప్పుడు అద్దం ఫ్రేములో డ్రాయింగ్ రూములకు, హోటళ్లకు, ఆఫీసులకు చేరింది. అందంగా ఉందంటారు, ధర అడుగుతారు. దాని ముందు నిలబడి ఏడ్చినవాళ్లు లేరు. ఇంకోవైపు క్యాసెట్ల కాలంలో ఒగ్గు కథలు బొమ్మా వేషం ఏమీ లేకుండా వట్టి ధ్వనిగా ఊళ్లకు చేరాయి. బీడీలు చుట్టే పని ఉన్న జిల్లా ఇది. ఒళ్లో చేట, అందులో తునికాకు, చేతి వేళ్లు వాటంతట అవి తిరుగుతుంటే చెవి ఖాళీగా ఉండే పని అది. అలాంటి పనికి కథ క్యాసెట్ సరిగ్గా అతికింది, కంట తడి పెట్టించింది. ఇది సరితూగిన తూకం కాదని నాకు తెలుసు. ఒగ్గు కథ పటం మీద ఆధారపడ్డ కళ కాదు, డోలు మీద, జగ్గు మీద నడిచింది. అయినా పాట లేని బొమ్మ అలంకారమైంది, బొమ్మ లేని పాట కథగానే మిగిలింది. తేడా అటువైపే మొగ్గుతోంది.

అలాగని పటం దండగ అనేస్తే కథకులే ఒప్పుకోరు. పటానికి పూజ చేయనిదే కథ మొదలవ్వదు. వాళ్ల దృష్టిలో అది బొమ్మ కాదు, దస్తావేజు. మీ కులం ఇలా పుట్టింది, మీకు కథ చెప్పే హక్కు మాకు ఇలా వచ్చింది అని చూపించే కాగితం. పొలం తగాదాలో పట్టాదారు పాస్‌బుక్ ఎంత అవసరమో మిరాశీ తగాదాలో పటం అంత అవసరం. కాబట్టి పని పంపకం ఇలా జరిగిందనుకుంటాను. బొమ్మ నమ్మిస్తుంది, పాట కదిలిస్తుంది. నమ్మనివాడిని కదిలించడం కష్టం గనుక పాటకు బొమ్మ కావాలి. డక్కలివాళ్లు ఈ రెండింటినీ భుజాన మోసుకు తిరిగారు, ఒక చేత పటం, ఒక చేత కిన్నెర. దర్శనం మొగులయ్య కిన్నెర 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటలో మోగింది, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వాద్యం పట్నం చేరింది. జాంబపురాణం పటం ఎంతమందికి తెలుసు? పురస్కారాలు వాద్యాన్ని గుర్తుపట్టినంత త్వరగా దాని జంటను గుర్తుపట్టవు. ఇది ఫిర్యాదు కాదు గానీ చెప్పకుండా ఉండలేను.

ఇక హైదరాబాద్ సంగతి. రాజీవ్ చిలక 2001లో అక్కడ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. 2008లో ఛోటా భీమ్ పోగో చానల్‌లో మొదలైంది. లడ్డూ తిని బలం తెచ్చుకునే ఆ పిల్లవాడి టైటిల్ పాట రాని పసివాడు ఒకప్పుడు అరుదు. నా వాదనకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే స్టూడియో చేసిన మైటీ లిటిల్ భీమ్. 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఇందులో భీముడు ఇంకా పాకే వయసువాడు, మాటలు రావు. చుట్టూ ఉన్నవాళ్లూ దాదాపు మాట్లాడరు. సంభాషణ తీసేయడానికి వ్యాపార కారణం స్పష్టంగానే ఉంది, డబ్బింగ్ అక్కర్లేకుండా ఏ దేశంలోనైనా ఆడుతుంది. కానీ కళాపరంగా దాని ఫలితం వేరు. వాడు దొంగిలించబోతున్నాడా, భయపడ్డాడా, అమ్మ కనిపించక బెంగపడ్డాడా అన్నది చెప్పే బాధ్యత మొత్తం సంగీతం మీద పడింది. వంతల గుంపును స్టూడియోలో కూర్చోబెట్టారని అనుకోవచ్చు. బ్రెజిల్‌లోని పిల్లవాడికీ బాన్సువాడలోని పిల్లవాడికీ అది ఒకేలా అందుతుంది.

అందినా ఒక లోటు ఉంది. రికార్డు చేసిన సంగీతం వినేవాడి ముఖం చూడలేదు. జనం కరగలేదని ఇంకో రెండు చరణాలు పొడిగించలేదు, కరిగారని ముందే మద్దెల మీద దెబ్బ వేయలేదు. ఆ పొడిగింపు కథకుడి నైపుణ్యంలో సగం. దీన్ని సాంకేతికత పూరించిందా అంటే, పూరించిన చోటు ఒకటుంది, అది పునరావృత్తి. ఇంట్లో పిల్లవాడు ఒకే ఎపిసోడ్‌ను నలభైసార్లు చూస్తాడు, పెద్దవాళ్లకు విసుగు, వాడికి కాదు. మేళం మూడేళ్లకోసారి వచ్చి మూడు తరాల్లో నాటిన వరుసను వాడు మూడు నెలల్లో నాటుకుంటున్నాడు. రేపు వాడికి ముప్పై ఏళ్లు వచ్చాక ఆ స్వరం ఎక్కడో వినిపిస్తే ఏం జరుగుతుందో మోగ్లీ తరాన్ని చూస్తే తెలుస్తుంది. వేగం వల్ల లోతు తగ్గుతుందని వాదించేవాళ్లున్నారు. ఒక వరుస వెనుక ఎన్ని చావులు, ఎన్ని పెళ్లిళ్లు, ఎంతమంది మేనత్తల ఏడుపులు ఉన్నాయన్నది కొలమానమైతే వాళ్ల మాటలో బలం ఉంది. స్టూడియో థీమ్ వెనుక ఉన్నది ఆ పిల్లవాడి ఒక్కడి బాల్యమే, ఊరిది కాదు.

నెట్‌ఫ్లిక్స్ లాంటి వేదికల మీద ఈమధ్య ఇంకో సౌకర్యం వచ్చింది. టైటిల్ పాట మొదలవగానే తెర మూలన ఒక మీట కనిపిస్తుంది, స్కిప్ ఇంట్రో. నొక్కితే నేరుగా కథలోకి పోవచ్చు. సమయం మిగులుతుంది, కాదనను. కానీ ఆ పాట కథకు ముందున్న అడ్డం కాదు. వచ్చే ఎపిసోడ్‌లో, చివరి సన్నివేశంలో, అదే స్వరం నెమ్మదిగా తిరిగొచ్చినప్పుడు గుండె పట్టేయాలంటే, దాన్ని ముందు నలభైసార్లు వినాలి. ఆ నలభైసార్లనే ఈ మీట కోసేస్తోంది. పటం కథలో ఇలాంటి మీటకు చోటు లేదు. గుంజలు పాతడం, చుట్ట కట్టడం, దీపం, ప్రార్థన, తాళాలు సరిచూసుకోవడం, వీటికే గంట పట్టేది. పటం ఇంకా చుట్టలోనే ఉంటుంది. ఎరుపు అంచు తప్ప ఏమీ కనిపించదు. మద్దెల మాత్రం మోగుతూ ఉంటుంది. ఊరి అవతలి కొస దాకా అది వినిపించాలి, అక్కడ ఇంకా అన్నాలు తింటున్నవాళ్లు చేతులు కడుక్కొని చాపలు చంకన పెట్టుకొని బయల్దేరాలి.